స్ప్రింగుల్లేని బండికి మరమ్మతు: పాత రేస్ కార్ట్‌లో అసలు చిక్కు ఎక్కడుంది?

"ఇదేంది సామీ, స్ప్రింగుల్లేవు, షాక్ అబ్జార్బర్లు లేవు, వెనక డిఫరెన్షియల్ కూడా లేదు. ఇది మలుపు ఎట్ట తిరగతాది?"

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్క సందులో ఉన్న లేత్ షాపు మేస్త్రీ, మేం తెచ్చిన కార్ట్‌ను, అంటే ఒక్కరే కూర్చుని రేసులాడే బుల్లి బండిని, నేల మీద పెట్టించుకుని చుట్టూ ఒకసారి తిరిగి అడిగిన మొదటి మాట ఇది. ముప్పై ఏళ్లుగా యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 బైకుల సిలిండర్లకు బోరింగ్ చేసిన చెయ్యి ఆయనది. తుప్పు గురించో, వెల్డింగ్ గురించో అడుగుతాడనుకున్నా. ఆయన నేరుగా ఆయువుపట్టు మీదే వేలు పెట్టాడు. పాత రేస్ కార్ట్‌ను బాగుచేయడంలో ఉన్న చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. దానికి జవాబు తెలియకుండా స్పానర్ పట్టుకుంటే బండి తళతళ మెరుస్తుంది, మలుపులో మాత్రం మొండికేస్తుంది.

బండి మా దాకా వచ్చిన కథ చిన్నదే. చెన్నైలో ఒక స్నేహితుడి మేనమామ గోడౌన్ ఖాళీ చేస్తుంటే, పాత టైర్ల గుట్ట కింద ఇది దొరికింది. తూకానికి అమ్మేయబోతుంటే అడ్డుపడి మినీ లారీలో వేసుకొచ్చాం. ఇటలీ తరహా గొట్టాల ఫ్రేము, పక్కన బిగించే 100 సీసీ ఇంజన్, పగిలిన ఫైబర్ సీటు. "డెబ్బై అయిదు మోడల్" అని చెప్పి ఇచ్చారు. ఆ మాట నిజం కాదని వారంలోనే తేలింది. అబద్ధం కూడా కాదు. రేసుల్లో తిరిగిన బండికి పుట్టినరోజు ఒకటే ఉండదు. ఇంజన్ ఒక సీజన్‌ది, ఇరుసు ఇంకో సీజన్‌ది, సీటు ఆ తర్వాత కొన్న వాడిది. అంచేత "పాత రూపానికి తేవాలి" అనుకోగానే ఎదురయ్యే ప్రశ్న: ఏ ఏడాది రూపానికి? దానికి బదులు చెప్పాలంటే కార్ట్ చరిత్ర కాస్త తెలియాలి. ఇక్కడ చరిత్ర కాలక్షేపం కాదు, పనిముట్టు.

గడ్డి కోసే మిషన్ నుంచి ప్రపంచ పోటీ దాకా

కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో కర్టిస్ క్రాఫ్ట్ అని రేసు కార్లు కట్టే సంస్థ ఉండేది. అందులో పనిచేసే ఆర్ట్ ఇంగెల్స్ 1956లో, లూ బొరెల్లీ అనే స్నేహితుడితో కలిసి, నాలుగు గొట్టాలు వంచి నేలకు ఆనించినంత కిందగా ఒక బుల్లి బండి కట్టాడు. ఇంజన్ వెస్ట్ బెండ్ కంపెనీది. గడ్డి కోసే మిషన్లకని తయారై, అమ్ముడుపోక మిగిలిపోయిన సరుకు. 2.5 హార్స్‌పవర్. స్కూటీలో సగం కూడా లేదు. కానీ వెన్ను నేలకు జానెడు ఎత్తులో ఉన్నప్పుడు ముప్పై కిలోమీటర్ల వేగమే వందలా తోస్తుంది. ఆ కిటుకు తెలియడమే ఇంగెల్స్ చేసిన అసలు ఆవిష్కరణ అంటాను నేను. పొమోనాలో కార్ల రేసులకు దాన్ని తీసుకెళ్తే చూసినవాళ్లకు మతి పోయింది. పాసడీనాలో రోజ్ బౌల్ స్టేడియం పార్కింగ్ స్థలమే తొలి రోజుల్లో ఈ బండ్లకు మైదానం.

మఫ్లర్ షాపు నడుపుకునే డఫీ లివింగ్‌స్టోన్, రాయ్ డెస్‌బ్రో అనే ఇద్దరు, మిగిలిపోయిన వెస్ట్ బెండ్ ఇంజన్లు అమ్మిపెడుతున్న బిల్ రౌల్స్‌తో చేతులు కలిపి దీన్ని వ్యాపారం చేశారు. విడిభాగాల పెట్టె 129 డాలర్లు, ఇంటికి తెచ్చుకుని ఎవరికి వాళ్లు బిగించుకోవాలి. "గో కార్ట్" అన్నది లిన్ వైన్‌లాండ్ అనే పత్రికా కళాకారుడు పెట్టిన పేరు, ఆ కంపెనీ పేరు కూడా. మనం జిరాక్స్ అన్నట్టే, ఒక కంపెనీ పేరు మొత్తం జాతి పేరైపోయింది.

1959లో రంపం మిషన్లు తయారుచేసే మెక్‌కలక్ కంపెనీ కార్ట్‌ల కోసమే ఒక ఇంజన్ దించింది, ఎంసీ-10 అని. చెట్టు కోసేవాడు రంపాన్ని పక్కకు వంచుతాడు, తలకిందులు చేస్తాడు. మామూలు కార్బురేటర్‌లో పెట్రోలు ఒక గిన్నెలో నిలిచి, బెండు తేలుతూ మట్టాన్ని కాస్తుంది. పక్కకు వంచితే ఆ లెక్క తప్పుతుంది. అందుకని రంపాల్లో గిన్నె, బెండు తీసేసి పలచని రబ్బరు పొరతో పని నడిపారు. మలుపులో పెట్రోలంతా ఒక పక్కకు ఒరిగిపోయే కార్ట్‌కు ఇంతకన్నా ఏం కావాలి? ఈ పొరతో నడిచే టిలట్సన్ కంపెనీ కార్బురేటర్లు కార్ట్‌ల మీదికి వచ్చింది అలాగే. ఆ పొర గురించి మళ్లీ మాట్లాడుకోవాలి, మమ్మల్ని ఏడిపించింది అదే. (లండన్ బ్రిడ్జిని 1968లో కొని, రాయి రాయి విప్పించి అరిజోనాలో మళ్లీ కట్టించింది కూడా ఈ మెక్‌కలక్ యజమానే. డబ్బున్నవాడి సరదాలు.)

అమెరికా సైనికుల వెంట ఆట ఇంగ్లండుకు వెళ్లింది. ఇటలీకి చేరాక దాని రూపమే మారింది. అమెరికాలో ఇంజన్ సీటు వెనక ఉండేది, కొందరైతే రెండు బిగించేవారు. ఇటలీ మోటార్‌సైకిల్ మేస్త్రీలు 100 సీసీ లోపల ఎంత శక్తి పిండొచ్చో చూద్దామని పంతానికి దిగారు. జొవాన్ని పరిల్లా మోటార్‌సైకిళ్ల నుంచి ఈ వైపు వచ్చాడు. బొలొన్యాలో పెదెర్జానీ సోదరుల టెక్నో, బ్రెషా దగ్గర ఆంతోనియో బోసియో మొదలుపెట్టిన టోనీ కార్ట్, మిలాన్ వైపు సాలా కుటుంబపు బిరెల్, ఇలా ఒక్క ఉత్తర ఇటలీలోనే ఇన్ని కొలుములు. ఇంజన్ వెనక నుంచి డ్రైవరు పక్కకు వచ్చింది. క్లచ్ పోయింది, ఇంజన్ పళ్లచక్రం నుంచి చైను నేరుగా వెనక ఇరుసుకే. బండి ఆగితే ఇంజనూ ఆగుతుంది. తోసి, పరుగెత్తి, ఎక్కి కూర్చోవాలి.

1962లో అంతర్జాతీయ కార్టింగ్ కమిషన్ ఏర్పడింది. 1964లో రోమ్‌లో తొలి ప్రపంచ పోటీ. గెలిచినవాడు గ్విడో సాలా. 1966లో గెలిచింది ఒక యువతి, సుజానా రగనెల్లి. బెల్జియం వాడు ఫ్రాన్స్వా గోల్డ్‌స్టైన్ అయిదుసార్లు గెలిచాడు. 1973లో ఇంగ్లండు కుర్రాడు టెరీ ఫుల్లర్టన్, 1974లో తర్వాత ఫార్ములా వన్‌కు వెళ్లిన రికార్డో పత్రేసే. బ్రెజిల్ నుంచి వచ్చి మిలాన్‌లో డీఏపీ జట్టులో చేరిన ఆయ్‌ర్టన్ సెన్నా 1979లో రెండో స్థానం, 1980లో మళ్లీ రెండో స్థానం. మూడు ఫార్ములా వన్ టైటిళ్లు గెలిచినవాడికి కార్ట్‌లో ప్రపంచ టైటిలు దక్కనే లేదు. 1993లో, తాను పోటీపడ్డవాళ్లలో ఎవరితో తలపడటం ఎక్కువ తృప్తినిచ్చిందని అడిగితే, ఫార్ములా వన్ ప్రత్యర్థులు ప్రాస్ట్ పేరో మాన్సెల్ పేరో చెప్పలేదు, కార్ట్‌ల రోజుల ఫుల్లర్టన్ పేరు చెప్పాడు.

100 సీసీ క్లచ్ లేని ఇంజన్ల రాజ్యం అంతర్జాతీయ పోటీల్లో 2006తో ముగిసింది. 2007 నుంచి సెల్ఫ్ స్టార్టరు, క్లచ్, నీటితో చల్లబడే 125 సీసీ ఇంజన్లు వచ్చాయి. ఈరోజు పాత కార్ట్‌లు వెతికేవాళ్లు వెతికేది ఎక్కువగా ఆ గీతకు ముందటి బండ్లనే.

మన వైపు సంగతి చెప్పాలంటే, షోలవరం పాత విమానాల రన్‌వే మీద రేసులు చూడ్డానికి ఇక్కడి నుంచి బస్సెక్కి వెళ్లిన తరం ఒకటుంది. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది. అక్కడ పక్కన పడేసిన సామానే మూడు గంటల దూరంలో ఉన్న మనకు ఇలా అప్పుడప్పుడు తగులుతుంది.

ఫ్రేమే స్ప్రింగు

ఇక మేస్త్రీ ప్రశ్న.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి, లోపలి చక్రం తక్కువ. కారులో ఈ తేడాను డిఫరెన్షియల్ సర్దుతుంది. కార్ట్‌లో వెనక రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. అంటే ఏదో ఒక టైరు నేల మీద ఈడ్చుకుపోవాలి, లేదా బండి తిరగనని మొరాయించి నేరుగా పోవాలి. దీనికున్న విరుగుడు ఒకటే: మలుపులో లోపలి వెనక చక్రాన్ని గాల్లోకి లేపేయడం. అప్పుడు బండి మూడు చక్రాల మీద తిరుగుతుంది. మలుపు దాటగానే నాలుగోది మళ్లీ నేలకు ఆనాలి.

లేపేదెవరు? స్టీరింగే. ముందు చక్రాల మూలమేకులు, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ మేకు చుట్టూ తిరుగుతుందో ఆ కింగ్‌పిన్‌లు, నిట్టనిలువుగా ఉండవు, వెనక్కి బాగా వాలి ఉంటాయి. ఎడమకు తిప్పితే ఎడమ ముందు చక్రం కిందికి నొక్కుతుంది, కుడిది పైకి జరుగుతుంది. ఆ ఒత్తిడికి ఫ్రేము మెలితిరుగుతుంది, బట్టలు పిండినట్టు కొద్దిగా. ఆ మెలికే ఎడమ వెనక చక్రాన్ని పైకెత్తుతుంది. కాబట్టి ఫ్రేము అంటే భాగాలు మోసే అస్థిపంజరం మాత్రమే కాదు. బండికున్న ఒకే ఒక్క స్ప్రింగు అదే. మరీ బిర్రుగా ఉంటే లేచిన చక్రం దిగదు, బండి కప్పలా గెంతుతుంది. మరీ వదులైతే చక్రం లేవనే లేవదు, ఇంజన్ గొంతు నొక్కేసినట్టవుతుంది.

నేనిదంతా చెబుతుంటే మేస్త్రీ మధ్యలో ఆపాడు. "మాటలెందుకు సామీ, చూస్తే పోలా?" షాపులో పనిచేసే కుర్రాణ్ణి సీట్లో కూర్చోబెట్టాడు. ఇంజన్ అప్పటికి బిగించలేదు. టీ గ్లాసు కింద ఉన్న న్యూస్ పేపర్ ముక్క చించి ఎడమ వెనక టైరు పక్కన పట్టుకుని, "ఎడం పక్కకి కొట్రా" అన్నాడు. కుర్రాడు స్టీరింగ్ పూర్తిగా తిప్పాడు. కాగితం టైరు కిందికి సర్రున దూరి ఆ పక్క బయటికి వచ్చింది. మేస్త్రీ మొహంలో చిన్న నవ్వు. "ఇప్పుడు కుడిపక్కకి." కాగితం కుడి టైరు దగ్గర ఆగిపోయింది. ఇంకాస్త తోస్తే మడతపడింది. మూడుసార్లు చేశాం. ఎడమకు లేస్తుంది, కుడికి లేవదు.

"అయితే నీ బండి వంకర" అని తేల్చేశాడు. ఆశ్చర్యంలో "మీ" కాస్తా "నీ" అయిపోయింది. పాత కార్ట్ కొనబోయేవాళ్లకు నా సలహా కూడా ఇదే. పెయింటు చూడకండి, క్రోము చూడకండి, జేబులో కాగితం ముక్క పెట్టుకెళ్లండి. ఇంజన్ బిగించి ఉంటే ఆ వైపు బరువెక్కువ కాబట్టి కొంత తేడా సహజం. ఇంజన్ లేకుండా ఇంత తేడా సహజం కాదు.

ఎంత వంకరో కొలవాలంటే బల్లపరుపుగా ఉండే చోటు కావాలి. షాపులోని సర్ఫేస్ ప్లేటు ఇడ్లీ పాత్ర మూతంత ఉంది. దీనికి మందు మన జిల్లాలోనే దొరికింది. చిత్తూరు వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో మూల విరిగిన నల్ల పలక ఒకటి తక్కువకు ఇచ్చారు. కొలతల కోసం వాడే ఖరీదైన బల్లలు కూడా గ్రానైట్‌వే కదా. ఇసుక మీద పరిచి, స్టీలు స్కేలు అంచు ఆనించి నాలుగు వైపులా వెలుతురు చూశాం. కార్ట్‌కు సరిపోయేంత చదును ఉంది. ఫ్రేమును దాని మీద పెడితే కుడి ముందు మూల కొద్దిగా గాల్లో ఉంది. మూలమేకు నుంచి వెనక ఇరుసు బేరింగ్ దాకా ఐమూలలు కొలిస్తే 6 మిల్లీమీటర్ల తేడా. ఎప్పుడో ఎవరో కుడి ముందు చక్రాన్ని దేనికో గట్టిగా కొట్టారు.

ఇక్కడ ఒక నమ్మకం గురించి చెప్పాలి. కార్ట్ నడిపేవాళ్లు "ఫ్రేము చచ్చింది", "ఇనుము అలిసిపోయింది" అంటుంటారు. వాడగా వాడగా ఇనుము మెత్తబడుతుందని వాళ్ల ఉద్దేశం. అలా జరగదు. ఉక్కుకు వంగే గుణం వయసుతో మారదు. మామూలు ఉక్కుకూ ఖరీదైన క్రోమ్ మోలీ ఉక్కుకూ కూడా ఆ గుణం దాదాపు ఒకటే. ఎంత బరువుకు శాశ్వతంగా వంగిపోతుంది, ఎప్పుడు తెగుతుంది అన్నదాంట్లోనే తేడా. మరి పాత ఫ్రేము వదులెందుకు అనిపిస్తుంది? మూడు కారణాలు: కంటికి కనబడని పగుళ్లు, నేలకు రాసుకుని అరిగి పలచబడ్డ అడుగు గొట్టాలు, మెల్లగా పేరుకున్న వంకర. మూడూ వెతికితే దొరికేవే. "అలసట" అని వదిలేస్తే దొరకవు.

పగుళ్లు వెతకడానికి రైలు పెట్టెల మరమ్మతు పనిలో రిటైరైన ఒకాయన సాయపడ్డారు. మూడు డబ్బాల పద్ధతి. శుభ్రంచేసే ద్రవంతో తుడిచి ఎర్ర రంగు కొట్టాలి. పావుగంట ఆగి పైరంగు తుడిచి తెల్లపొడి చల్లాలి. పగులులో దాక్కున్న ఎరుపు తెల్లటి పొడిలోకి ఊరుతుంది. కుడి మూలమేకు దగ్గర, ఎవరో పాతకాలం మేస్త్రీ వేసిన ఇనుప అతుకు అంచున, సన్నని ఎర్ర గీత తేలింది. వెంట్రుకంత. దాన్ని చూస్తూ ఆయన, "అతుకు వేసిన చోట తెగదు నాయనా, అతుకు అయిపోయిన చోట తెగుతుంది" అన్నారు. స్ప్రింగులో ఒక భాగాన్ని బిగదీస్తే మెలి తిరగాల్సిన పనంతా పక్క అంగుళం మీద పడుతుంది. అందుకే పాత కార్ట్‌కు బలం కోసమని అదనపు పట్టీలు వేయడం మేలు చేసినట్టు కాదు.

పాత అతుకు గ్రైండర్‌తో తీసేశాం. గొట్టాన్ని మెల్లగా సరిచేసి, పగులు కొసలో చిన్న రంధ్రం వేసి, లోపల గొట్టపు ముక్క దూర్చి, టిగ్ వెల్డింగ్‌తో పలచగా మూశారు. మేస్త్రీకి వెల్డు లావుగా, చేప పొలుసుల్లా కనబడాలని సరదా. వద్దని బతిమాలాల్సి వచ్చింది. పలక మీద మళ్లీ కొలిస్తే తేడా 1 మిల్లీమీటరుకు దిగింది. అక్కడ ఆపాం. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు కూడా ఇంతకన్నా నిక్కచ్చిగా ఉండి ఉంటుందని నాకు నమ్మకం లేదు.

క్రోము పూత పెట్టిద్దామని ఇంట్లో వాళ్ల కోరిక. పాత ఇటలీ ఫ్రేములు కొన్ని నిజంగానే అలా మెరిసేవి. కానీ పూత తొట్టిలో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది. పూత అయిన వెంటనే కొన్ని గంటలు వేడిలో ఉంచి దాన్ని తరిమేయాలి. బీరువా పిడులకు పూత పెట్టే చోట అదెవరు చేస్తారు? మందంగా పరుచుకునే పౌడర్ కోటింగ్ వేస్తే రేపు కొత్త పగులు వచ్చినా దాని కింద దాక్కుంటుంది. మామూలు ఎనామిల్ పెయింటే వేశాం. గీకుతుంటే నీలం కింద పసుపు, పసుపు కింద ఎరుపు బయటపడ్డాయి, అంటే కనీసం ముగ్గురు యజమానులు. సీటు కింద అరచేయంత చోట ఆ మూడు పొరలూ గీకకుండా వదిలేశాను. ఏ ఏడాది రూపానికి తేవాలన్న పేచీకి అది నేను చేసుకున్న రాజీ. వెనక ఇరుసు 25 మిల్లీమీటర్లది. 40, 50 మిల్లీమీటర్ల లావు బోలు ఇరుసులు తర్వాతి కాలానివి, అవి వేస్తే వెనక భాగం బిర్రబిగుస్తుంది. కాబట్టి ఇరుసు చెప్పిన కాలానికే మిగతావన్నీ సర్దాలనుకున్నాం. సీటు కొత్తది. టైర్లు కొత్తవే గానీ గట్టి రకం. ఈకాలపు మెత్తటి రేసు టైర్లు నేలను పట్టే పట్టు పాత ఫ్రేము ఊహించనిది, ఉన్న పగుళ్లకు అవి తోడవుతాయి.

చక్రాల రిమ్ములు అల్యూమినియమా, మెగ్నీషియమా అన్న అనుమానం వచ్చింది. మెగ్నీషియం అయితే గ్రైండర్ దగ్గరికి రానివ్వకూడదు. రజనుకు నిప్పంటుకుంటే నీళ్లు పోస్తే ఇంకా మండుతుంది, పొడి ఇసుక కప్పాలి. షాపు ముందు ఆటో పూజకు తెచ్చిన నిమ్మకాయ ఒకటి మిగిలి ఉంటే, రిమ్ము మీద పిసరంత గీకి రెండు చుక్కలు పిండాం. ముందువి బుసబుస పొంగాయి. వెనకవి ఊరుకున్నాయి. రెండు జతలూ రెండు బండ్లవని కూడా అప్పుడే తెలిసింది.

ఆముదం తాగిన ఇంజన్

ఇంజన్ పట్టేసి ఉంది. ప్లగ్గు తీసి ముక్కు దగ్గర పెడితే, ఇన్నేళ్లయినా, చిన్నప్పుడు అమ్మమ్మ తలకు పెట్టిన వాసన. ఆముదం. రేసింగ్ నూనెల్లో ఆముదానిది పెద్ద కథ. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల ఇంజన్లు చాలా దాని మీదే తిరిగాయి. క్యాస్ట్రాల్ అన్న పేరే ఆముదం ఇంగ్లీషు పేరు నుంచి పుట్టింది. ఇంజన్ ఎంత కాలినా ఆముదం పొర లోహాన్ని అంత తేలిగ్గా వదలదు. ఆర్‌ఎక్స్ 100 కూడా 98 సీసీ టూ-స్ట్రోకే, కానీ దాని పూర్తి శక్తి 7,500 చుట్ల దగ్గర. ఈ జాతి ఇంజన్లు చివరి రోజుల్లో నిమిషానికి 20,000 చుట్ల దరిదాపుల్లో తిరిగాయి. అలాంటి చోట ఆముదమే దిక్కు.

అదే ఆముదం ఇంజన్ ఆపి ఏళ్లు వదిలేస్తే వార్నిష్‌లా గడ్డకడుతుంది. మన మెకానిక్‌ల అలవాటు కాస్టిక్ సోడా నీళ్లలో వేసేయడం. ఇనుముకు పర్వాలేదు, అల్యూమినియం క్రాంక్‌కేసును (ఇంజన్ అడుగు పెట్టెను) మాత్రం అది కళ్లముందే తినేస్తుంది. రేడియేటర్‌లో పోసే యాంటీఫ్రీజ్‌లో సన్నటి వేడి మీద గంటల తరబడి నానబెట్టాం. పెరట్లో, గాలివాటుకు దూరంగా, వంటకు ఇక ఎన్నడూ వాడని గిన్నెలో. అది విషం, పొగ పీల్చకూడదు. నాలుగో గంటకు పిస్టన్ కదిలింది.

విప్పాక మేస్త్రీ కుతూహలమంతా గాలి లోపలికి వెళ్లే దారి మీద పడింది. ఇది రోటరీ వాల్వ్ ఇంజన్. టూ-స్ట్రోక్‌లో పెట్రోలు గాలి క్రాంక్‌కేసులోకి వచ్చే దారిని మూడు రకాలుగా కాపలా కాయొచ్చు. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్ గేట్లు తలుచుకోండి. మొదటి రకంలో గేటు పిస్టనే. అది ఎంత ముందు తెరుస్తుందో అంత ఆలస్యంగా మూస్తుంది, రెండు పక్కలా లెక్క ఒకటే కావాలి. ఈలోగా లోపలికి వచ్చినవాళ్లు కొందరు వెనక్కి జారుకుంటారు. రెండో రకం రీడ్ వాల్వ్, ఆర్‌ఎక్స్‌లో ఉన్నది. జనం తోస్తే తెరుచుకుని, లోపలి నుంచి తోస్తే మూసుకునే రెక్క. మూడోది రోటరీ. క్రాంకుతో పాటే తిరిగే పలచని రేకు బిళ్ల, దానికి కోసిన గంటు. గడియారం చూసుకుని తీసి, గడియారం చూసుకుని మూసే కాపలాదారు లాంటిది. ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మూయాలో విడివిడిగా నిర్ణయించుకోవచ్చు. ఇటలీ మేస్త్రీలు ఆ గంటు కోతలో చూపిన పనితనం అంతా ఇంతా కాదు. బిళ్ల ఒక్క పన్ను పక్కకు పెట్టి బిగించినా ఇంజన్ వేరే ఇంజన్ అయిపోతుంది, అందుకే విప్పే ముందు ఫొటో తీసుకోవాలి. మేం తీసుకోలేదు. పాత హోమోలోగేషన్ ఫారాల్లో, అంటే ఇంజన్‌ను పోటీలకు ఆమోదించిన కాగితాల్లో, ఒక్కో మోడల్ ఇంజన్ ఫొటోలు, గీతలు, కొలతలు ఉంటాయి. మాది దొరకబట్టి సరిపోయింది.

సిలిండర్ బోరింగ్ మేస్త్రీ సొంత రాజ్యం. పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు 0.1 మిల్లీమీటరు, గడ్డం గీసుకునే బ్లేడు మందమంత. బైకుకు ఇది ఎక్కువ అని ఆయన వాదన. బైకు పిస్టన్ ఇంత కాలదు అని నా వాదన. గాలి తప్ప వేరే చల్లదనం లేని ఇంజన్‌లో పిస్టన్ ఉబ్బడానికి చోటివ్వాలి. పాత ఫొటోల్లో డ్రైవర్లు నేరుదారి చివర్లో ఒక చెయ్యి వెనక్కి చాపి ఉండటం చూసే ఉంటారు. అది చెయ్యూపడం కాదు. కార్బురేటర్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, ఒక్క క్షణం పెట్రోలు, దాంతోపాటు నూనె ఎక్కువ పీల్చేలా చేసి కాలుతున్న పిస్టన్‌ను కాపాడుకోవడం.

ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే పాయింట్లు ఎమరీతో గీకి సర్దాం. కండెన్సర్ మాత్రం ఎంత పాతదో అంత నమ్మలేనిది, కొత్తది వేశాం. క్రాంకు రెండు చివర్ల సీళ్లు ఎండి బిస్కెట్లా విరిగాయి. చూడ్డానికి చిన్న రబ్బరు రింగులే. అవి గాలి లాగితే పెట్రోలు పలచబడి, ఇంజన్ మొదట్లో మహా హుషారుగా తిరిగి, అయిదు నిమిషాల్లో పట్టేస్తుంది. పాత టూ-స్ట్రోక్ మరమ్మతు తర్వాత బాగా పరుగెత్తుతుందంటే సంతోషించే ముందు అనుమానించాలి.

ఇక కార్బురేటర్ రబ్బరు పొర. పాతది చెక్కముక్కలా ఉంది. ఈ కాలపు పెట్రోలు సంగతి ఇంకోటి. 2025కల్లా దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిసింది. కొత్త బండ్లు దానికి తగ్గట్టు కట్టినవే. పాత రబ్బరును అది ఉబ్బిస్తుంది, గాల్లోని తేమను పీలుస్తుంది. అంతే పెట్రోలుకు తక్కువ గాలి సరిపోతుంది కాబట్టి, పాత జెట్టు లెక్కలో మిశ్రమం పలచనవుతుంది. జెట్టు మరలు ఇంకొంచెం విప్పుకోవాలి. ఆముదానికి పెట్రోలు కంటే ఆల్కహాలే ఇష్టం గనక అది కలవడం మాత్రం సులువైంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడం అంటే ఇదే.

పోయిన ఆదివారం తెల్లవారుజామున, కాపు లేని ఒక మామిడి తోట పక్క ప్రైవేటు లేఅవుట్లో, ఇళ్లు పడని తారురోడ్డు మీద దించాం. నేను హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నా. మేస్త్రీ, కుర్రాడు వెనక భాగం పైకెత్తి పరుగందుకుని ధబ్బున దించారు. మూడోసారికి గొంతు విప్పింది. కుడి మలుపులో తిరిగింది, గెంతలేదు. నాలుగు రౌండ్లు. ఇంజన్ ఎంత హుషారుగా ఉందంటే నాకే అనుమానం వచ్చి ఆపేశాను.

నీలం పొగ ఇంకా రోడ్డు మీదే ఉంది. మేస్త్రీ ప్లగ్గు విప్పి, గుడ్డతో పట్టుకుని వెలుతురుకు తిప్పాడు. కాఫీ రంగులో ఉండాల్సిన కొన సున్నం వేసినట్టు తెల్లగా ఉంది.

"సీలంటావా సామీ, పెట్రోలంటావా?"

జెట్టు మర పావు తిప్పు విప్పి ఇంకో రౌండు వెళ్లొచ్చు. సీలే అయితే ఆ రౌండులో పిస్టన్ పోతుంది. బండిని మళ్లీ మినీ లారీ ఎక్కించాం. ఇంజన్ ఇప్పుడు షాపులో బల్ల మీద ఉంది, రెండు నోళ్లకూ రబ్బరు బిరడాలు కొట్టి, సైకిల్ పంపుతో గాలి నింపి, సబ్బు నీళ్లలో ముంచి బుడగ ఎక్కణ్ణుంచి వస్తుందా అని చూస్తున్నాం.